కాచేవాణ్ణి కాచేదెవరు?

ఆటలో దెబ్బ తగిలిన కుర్రవాణ్ణి మన పెద్దలు ఓదార్చే తీరు ఒకటుంది. ‘‘ఆటన్నాక దెబ్బ తగలదుట్రా? లే, దులుపుకో!’’ అంటారు. ఆ మాటలో సగం నిజం లేకపోలేదు. దెబ్బకు జడిసేవాడు ఆటకు పనికిరాడు. కాని తగిలే దెబ్బకూ, తగిలించే దెబ్బకూ భేదం కద్దు. పరుగులో కాలుజారి పడితే అది ఆటలో దెబ్బ. ఒకడు అటు తిరిగి బంతికోసం చూస్తుండగా ఇంకొకడు ఉరికివచ్చి భుజంతో గుద్ది పడగొడితే, అదీ ఆటలో దెబ్బేనా?

ఈ ప్రశ్నమీద అమెరికావారు చాలా ఏళ్లు తగవులాడుకుని, చివరకు 2014లో ఒక తీర్పు చెప్పుకున్నారు. వాళ్ల తగవుతో బెజవాడవాళ్లకేం పని అంటారేమో. పని ఉన్నది. మా పటమటలో ఏ వీధికి వెళ్లినా అమెరికాలో పిల్లలున్న ఇళ్లు కనిపిస్తాయి. అక్కడ పుట్టి పెరుగుతున్న మనవలకు బిళ్లంగోడు తెలియదు, బేస్‌బాల్ తెలుసు. నా కూతురి కొడుకు స్కూలు జట్టులో ఆడుతున్నాడు. పైగా వాడు ‘క్యాచరు’. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ మా ఆవిడకు నిద్ర లేదు. ‘‘వాడికి ఆ ముందు కూర్చునే పనే దొరికిందా? ఎక్కడో దూరంగా నిలబడి బంతులు ఏరుకోకూడదూ?’’ అని ఫోను పట్టుకున్నప్పుడల్లా కూతుర్ని సాధిస్తుంది.

ఆ ఆట ఎరగనివారికోసం రెండు ముక్కలు చెబుతాను. మైదానంలో నాలుగు మూలలు. మూలకూ మూలకూ మధ్య 90 అడుగులు. చివరి మూలలో 17 అంగుళాల వెడల్పుగల తెల్లపలక ఒకటి నేలలో పాతి ఉంటుంది. బంతి కొట్టినవాడు మూలలన్నీ చుట్టి వచ్చి ఆ పలకను తాకితే పరుగు వచ్చినట్లు. క్యాచరు ఆ పలక దగ్గరే కాపలా. దూరంనుంచి విసిరిన బంతిని అందుకుని, వచ్చేవాడు పలకను తాకకముందే బంతితో వాణ్ణి తాకితే వాడు ఔటు.

క్రికెట్టులో వికెట్ కీపరు వికెట్ల వెనక ఉంటాడు. పరుగెత్తేవాడు గీత దాటితే చాలు. ఎవరి చోటు వారిది. ఇక్కడ అలా కాదు. ఉన్నది ఒకటే పలక. ఒకడు దాన్ని తాకాలి, ఇంకొకడు తాకనివ్వకూడదు. పలక తాకాక పక్కనే ఆగాలన్న నియమం లేదు గనుక వచ్చేవాడు వేగం తగ్గించడు. క్యాచరు చూపేమో బంతిమీద ఉంటుంది. అన్నిటికన్నా చిక్కు మరొకటి. గుద్దుకున్న ఊపుకు క్యాచరు చేతిలోని బంతి జారిపోతే, గుద్దినవాడు ఔటు కాదు! అంటే గుద్దుకు బహుమానం కూడా ఉందన్నమాట.

ఇందువల్ల ఏం జరిగిందో రెండు ఉదాహరణలు చాలు. 1970 జూలైలో సిన్సినాటి నగరంలో పేరుపొందిన ఆటగాళ్లందరితో వేడుకగా జరిపే ‘ఆల్‌స్టార్’ ఆట. గెలిచినా ఓడినా ఏ జట్టు లెక్కలోనూ చేరని ఆట అది. పీట్ రోజ్ అనే ప్రసిద్ధుడు ఉరికివచ్చి రే ఫాసీ అనే 23 ఏళ్ల క్యాచరును భుజంతో ఢీకొన్నాడు. రోజ్ జట్టు గెలిచింది. ఫాసీ భుజం విరిగింది. అది విరిగిన సంగతి ఎక్స్‌రేలో బయటపడేటప్పటికి మరుసటి ఏడాది వచ్చింది. అతడు ఆ తర్వాత చాలాకాలం ఆడాడు గాని, ఆ భుజానికి మునుపటి బలం మళ్లీ రాలేదు.

రెండోది 2011 మే 25న జరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు క్యాచరు బస్టర్ పోసీని స్కాట్ కజిన్స్ అనే ఆటగాడు ఢీకొన్నాడు. పోసీ ఎడమకాలి ఎముక విరిగి, మడమ దగ్గరి సంధిబంధాలు తెగాయి. ఆ ఏడాది ఇక ఆట లేదు. విచిత్రమేమంటే కజిన్స్ నియమం తప్పలేదు. అప్పటి నియమం ప్రకారం అతడు చేసింది సబబే. అయినా అతణ్ణి చంపుతామని బెదిరించినవారున్నారు. చెడ్డ నియమం దెబ్బతిన్నవాణ్ణే కాదు, కొట్టినవాణ్ణీ బజారున పెడుతుంది.

పోసీ కోలుకుని 2012లో ఆ లీగులో అత్యుత్తమ ఆటగాడనిపించుకున్నాడనుకోండి. అందరికీ ఆ అదృష్టం పట్టదు. మైక్ మాథెనీ అనే క్యాచరు తలకు తగిలిన దెబ్బల మూలంగా 2007లో ఆట మానుకోవలసి వచ్చింది. తరువాత ఒక జట్టుకు మేనేజరై, ఈ గుద్దుళ్లు ఆపాలని గట్టిగా వాదించినవారిలో ఆయనా ఒకడు.

2014 ఫిబ్రవరిలో కొత్త నియమం వచ్చింది. పరుగెత్తేవాడు తన దారి విడిచి క్యాచరు మీదికి పోరాదు. పోతే, బంతి జారినా వాడు ఔటే. అలాగే చేతిలో బంతి లేకుండా క్యాచరు దారి మూయరాదు. మూస్తే ఎదటివాడికి పరుగు ఇస్తారు. బంతి అందుకునే ప్రయత్నంలో అడ్డు రాక తప్పకపోతే అది వేరు. ఒక చేత్తో ఇద్దరి చెవులూ పట్టుకున్నారు. తాకిడి అసలే ఉండరాదని అనలేదు. దానికున్న బహుమానాన్ని తీసేశారు.

మా వియ్యంకుడుగారు, అంటే వాడి నాన్నమ్మగారి భర్త, ఈ పటమటలోనే ఉంటారు. వయసులో చెడుగుడు ఆడిన మనిషి. ఈ నియమం ఆయనకు రుచించలేదు.

‘‘బావగారూ, మన సి.కె. నాయుడుగారి సంగతి మరిచారా? బందరు మూలాలున్న మనిషి. 1951-52 రంజీ పోటీల్లో ఫడ్కర్ వేసిన బంతికి పళ్లూడితే, పక్కకు నెట్టేసి మళ్లీ బ్యాటు పట్టారు. అప్పటికాయనకు 56 ఏళ్లు. మగతనమంటే అదీ!’’ అన్నారు.

‘‘కాదన్నదెవరు బావగారూ? నాయుడుగారి గుండెనిబ్బరానికి దణ్ణం పెడతాను. కాని ఆయన ఓర్చుకున్నారు గదా అని మన మనవడి పళ్లు కూడా ఊడాలా? ఇంతకీ 1991లో ఓవరుకు ఒక్కో బ్యాటరుకు ఒక్క బౌన్సరే అన్నారు. 1994లో రెండన్నారు. క్రికెట్టేమైనా చచ్చిపోయిందా? అంతదాకా ఎందుకు, మీ చెడుగుడులో కూతకు వచ్చినవాడి నోరు మూయవచ్చునా?’’

‘‘ఎలా మూస్తారండీ? అది తప్పు గదా!’’

‘‘గొంతు నులమవచ్చునా? కాళ్లతో కత్తెర వేయవచ్చునా?’’

‘‘ఆ నియమాలు లేకపోతే చెడుగుడెందుకవుతుంది? కొట్లాటవుతుంది’’ అన్నారాయన. అని, నవ్వేశారు.

కొత్త నియమంలో చిక్కులు లేవని నేననను. 2014 జూలై ఆఖరున మయామీలో ఒక ఆట జరిగింది. బంతి ముందే చేరి, పరుగెత్తేవాడు స్పష్టంగా ఔటయ్యాడు. అయితే క్యాచరు దారి మూశాడని సినిమా రీలు తిప్పినట్లు మళ్లీ మళ్లీ చూసి, ఔటు కాదన్నారు. మయామీ జట్టు ఓడింది. వాళ్ల మేనేజరు మండిపడితే మైదానం బయటికి పంపారు. ఆయన కోపం అకారణం కాదు. మొదటి ఏడాది అంపైర్లకూ ఆటగాళ్లకూ తికమకే అయింది. కాని నియమాన్ని దిద్దుకోవచ్చు. విరిగిన భుజాన్ని మునుపటిలా దిద్దటం ప్రతిసారీ సాధ్యం కాదు.

ఇన్నీ విని మా అమ్మాయి, ‘‘ఇంతకీ వాణ్ణి ఆడనివ్వమంటావా, వద్దంటావా నాన్నా?’’ అని అడిగింది. ఆడనివ్వమన్నాను. అక్కడి హైస్కూళ్లలో కావాలని గుద్దినవాణ్ణి ఆటనుంచే పంపేస్తారని వాడే నాకు చెప్పాడు. ఆ మాట వాళ్ల కోచి నోటకూడా వినమన్నాను.

మన ఊళ్లోనూ పిల్లలు కబాడీ అని, ఫుట్‌బాల్ అని, క్రికెట్టని మైదానాలకు పోతున్నారు. పోనివ్వండి. ఆటలేని పెంపకం ఎందుకూ కొరగాదు. కాని ఫీజు కట్టేముందు, బూట్లు కొనేముందు, ఆడించే మేష్టారిని ఒక్క ప్రశ్న అడగండి: ‘‘ఎదటివాణ్ణి దెబ్బకొడితే ఈ ఆటలో లాభముందా?’’ లేదని ఆయన తడుముకోకుండా చెబితే నిశ్చింతగా పంపండి. నసిగితే, ఇంకొక మేష్టారిని వెతకండి.