తీర్పు ఎన్నాళ్లకు వచ్చింది? రేసింగ్ మోసాలు, అభిమాని లెక్కలు

2023 ఫిబ్రవరి 11. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల వీధి సర్క్యూట్, 18 మలుపులు, 22 ఎలక్ట్రిక్ కార్లు. మన దేశంలో జరిగిన మొదటి ఫార్ములా ఈ రేసు అది. గీత దాటేటప్పటికి సెబాస్టియన్ బుయెమి మూడో స్థానంలో ఉన్నాడు. మూడో స్థానానికి 15 పాయింట్లు. అవి ఆయనకు దక్కలేదు. అనుమతించిన దానికంటే ఎక్కువ పవర్ వాడినట్టు కారు డేటా చెప్పింది. అధికారులు ఆయన టైముకు జరిమానా సెకన్లు కలిపారు. దాంతో బుయెమి పాయింట్లు వచ్చే మొదటి పది స్థానాల్లోంచే జారిపోయాడు, మూడో స్థానం అంటోనియో ఫెలిక్స్ ద కోస్టాకు వెళ్లింది.

ఇది మోసం కాదు, నిబంధన ఉల్లంఘన. ఆ సీజన్ కార్లకు రేసులో 300 కిలోవాట్లు, కాసేపు అదనపు పవర్ ఇచ్చే అటాక్ మోడ్‌లో 350 కిలోవాట్లు పరిమితి. అది దాటితే సెన్సర్ పట్టేస్తుంది. డ్రైవర్ ఉద్దేశంతో పని లేదు. అయినా ఈ చిన్న సంఘటనతోనే మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఫలితం ఆ రోజే సరిదిద్దారు. బుయెమి అభిమాని నొచ్చుకుని ఉండవచ్చు గానీ, ఏళ్ల తరబడి మోయాల్సిన అనుమానం ఏదీ మిగల్లేదు. (తెలుగు పాఠకులకు ఫార్ములా ఈ అనగానే గుర్తొచ్చే ఏసీబీ కేసు వేరు. 2024 డిసెంబరులో నమోదైన ఆ కేసు రేసు నిర్వాహకులకు జరిగిన సుమారు 55 కోట్ల రూపాయల చెల్లింపుల గురించి. ట్రాక్ మీద జరిగిన దానికీ దానికీ సంబంధం లేదు.)

హైదరాబాద్ రేసు విజేత జాన్-ఎరిక్ వెర్న్. అదే ఏడాది జూన్ 24న అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేసులో ఆయన జట్టు డీఎస్ పెన్స్కే దొరికిపోయింది. పిట్ లేన్ ప్రవేశం దగ్గర ఆర్ఎఫ్ఐడీ స్కానర్ పెట్టి, అటుగా వెళ్లే అన్ని కార్ల నుంచీ డేటా లాగేందుకు ఏర్పాటు చేసుకుంది. 25,000 యూరోల జరిమానా వేశారు. జట్టు కార్లు రెండూ అందరి వెనకాల, పిట్ లేన్ నుంచి బయల్దేరాలన్నారు. ఈ శిక్ష పోర్ట్‌లాండ్‌కే పరిమితం, హైదరాబాద్ గెలుపుతో దీనికి ముడి లేదు. పైగా రేసు మొదలవక ముందే తేల్చేశారు కాబట్టి, చూసేవాళ్లు తాము చూస్తున్నది ఏమిటో తెలిసే చూశారు.

మా అనంతపురం జిల్లా జాతరల్లో బండలాగుడు చూసినవాళ్లకు, తీర్పు అక్కడికక్కడే రావడంలోని విలువ ఇట్టే అర్థమవుతుంది. పోటీలు గిత్తల పళ్లను బట్టి విభాగాలుగా ఉంటాయి. రెండు పళ్ల విభాగంలోకి నాలుగు పళ్ల గిత్తను దించారని అనుమానం వస్తే నోరు తెరిపించి చూస్తారు. బండ ఎన్ని అడుగులు కదిలిందో టేపు పట్టి అందరి ముందే కొలుస్తారు. గొడవ జరిగినా జనం ఇంకా అక్కడే ఉంటారు, సాక్షులూ అక్కడే ఉంటారు, తీర్పూ అక్కడే వస్తుంది. మోటార్ రేసులో ఆ వీలు లేదు. బ్యాటరీలో ఎంత మిగిలిందో, పెట్రోలు ఎంత పోశారో, రేడియోలో ఎవరు ఎవరికి ఏం చెప్పారో గ్యాలరీలో కూర్చున్నవాడికి కనపడదు. మా జిల్లాలోని గుమ్మఘట్ట నుంచి హైదరాబాద్ ఒక రాత్రి ప్రయాణం. బస్సు ఛార్జీ, టికెట్టు పెట్టుకుని, పని దినం వదులుకుని వెళ్లే కుర్రవాడు తన కళ్ల మీద కాదు, అధికారుల మాట మీద నమ్మకంతో వెళ్తాడు. ఆ నమ్మకం ఎన్నాళ్లు గాల్లో వేలాడిందన్నదే అభిమాని కోపానికి అసలు కొలత అని నా అభిప్రాయం.

ఆ కొలతతో చూస్తే అన్నిటికంటే పెద్ద గాయం సింగపూర్‌ది. 2008 సెప్టెంబర్ 28, ఫార్ములా వన్ చరిత్రలో మొదటి రాత్రి రేసు, 61 ల్యాపులు. రెనో జట్టు డ్రైవర్ ఫెర్నాండో అలొన్సో 15వ స్థానం నుంచి బయల్దేరాడు. 12వ ల్యాపులోనే పిట్‌లోకి వచ్చి పెట్రోలు పోయించుకున్నాడు, అందరికంటే ముందు. 14వ ల్యాపులో అతని సహచరుడు నెల్సన్ పికే జూనియర్ కారు 17వ మలుపు దగ్గర గోడను గుద్దుకుంది. సేఫ్టీ కారు వచ్చింది. ముందున్నవాళ్లంతా అప్పుడు పిట్‌కు పరుగెత్తాల్సి వచ్చింది, అప్పటికే ఆ పని ముగించుకున్న అలొన్సో ముందుకు చేరి గెలిచాడు. ఆ గందరగోళంలో, అప్పటిదాకా ముందున్న ఫెరారీ డ్రైవర్ ఫెలిపె మాసా పెట్రోలు పైపు కారుకు తగులుకుని ఉండగానే కదిలాడు. చివరికి 13వ స్థానం, సున్నా పాయింట్లు.

పికే కావాలనే, జట్టు చెప్పినట్టే గుద్దాడని ప్రపంచానికి తెలిసింది 2009 ఆగస్టు ఆఖర్లో, రెనో అతణ్ని తీసేశాక. సెప్టెంబర్ 21న మోటార్ రేసింగ్ పర్యవేక్షణ సంస్థ ఎఫ్ఐఏ తీర్పు. రేసుకూ తీర్పుకూ మధ్య 358 రోజులు. జట్టు బాస్ ఫ్లావియో బ్రియటోరేకు నిరవధిక నిషేధం, ఇంజినీరింగ్ పెద్ద పాట్ సైమండ్స్‌కు 5 ఏళ్లు, రెనోకు రెండేళ్ల నిషేధం, అదీ మళ్లీ తప్పు చేస్తేనే అమలయ్యేలా. స్పాన్సర్లు ఐఎన్‌జీ, ముతువా మద్రిలేన్యా అదే నెలలో తప్పుకున్నాయి. 2010 జనవరి 5న పారిస్ కోర్టు ఇద్దరి నిషేధాలనూ కొట్టేసి, బ్రియటోరేకు 15,000 యూరోలు ఇప్పించింది. ఆయన 2024లో ఆల్పీన్ జట్టులో సలహాదారుగా తిరిగొచ్చాడు. ఆల్పీన్ అంటే పాత రెనోనే.

ఇన్ని అంకెల్లో కదలనిది ఒక్కటే. సింగపూర్ ఫలితం. అలొన్సో విజయం ఈనాటికీ పుస్తకాల్లో ఉంది. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్‌లో మెక్‌లారెన్ డ్రైవర్ లూయిస్ హామిల్టన్‌కు 98, మాసాకు 97. సింగపూర్‌లో హామిల్టన్ మూడో స్థానానికి తెచ్చుకున్నవి 6. ఆ రేసును రద్దు చేస్తే హామిల్టన్ 92, మాసా 97. ఈ తీసివేతను మాసా దేశమైన బ్రెజిల్ అభిమానులు ఎన్నిసార్లు వేసుకుని ఉంటారో! దీనికి న్యాయమైన జవాబూ ఉంది. సింగపూర్ తర్వాత ఇంకా మూడు రేసులు జరిగాయి. చేతిలో ఉన్న పాయింట్లను బట్టే ప్రతి జట్టూ వాటిని నడిపింది. చివరి రేసులో హామిల్టన్‌కు ఐదో స్థానం చాలు, అందుకు తగ్గట్టే నడిపాడు. లెక్క వేరుగా ఉంటే అతని దూకుడూ వేరుగా ఉండేది. హామిల్టన్ తప్పేమీ లేదు, మాసా తప్పూ లేదు. 358 రోజుల ఆలస్యం ఈ ఇద్దరి అభిమానులనూ ఒకరి మీదికొకరిని ఉసిగొల్పింది. మోసం చేసినవాళ్లు పక్కకు తప్పుకున్నారు.

2007 గూఢచర్యం కేసు ఇంకో రకం పాఠం. ఫెరారీ సాంకేతిక పత్రాలు 780 పేజీలు మెక్‌లారెన్ చీఫ్ డిజైనర్ ఇంటికి చేరాయి. ఇంగ్లండ్‌లో ఒక ఫొటోకాపీ దుకాణానికి వాటిని తీసుకెళ్తే, అక్కడ పనిచేసే ఒక ఉద్యోగికి అనుమానం వచ్చింది. అతను ఫెరారీ అభిమాని. నేరుగా ఇటలీకి కబురు పంపాడు. కోట్ల డాలర్ల వ్యవహారాన్ని బయటపెట్టింది ఏ పర్యవేక్షణ సంస్థా కాదు, జెరాక్స్ మెషీన్ దగ్గర నిలబడిన అభిమాని! సెప్టెంబర్ 13న మెక్‌లారెన్‌కు 10 కోట్ల డాలర్ల జరిమానా పడింది, జట్టు పాయింట్లన్నీ పోయాయి. డ్రైవర్ల పాయింట్లు మాత్రం ఉంచారు. సీజన్ ముగిసేసరికి ఫెరారీ డ్రైవర్ రైకొనెన్ 110, మెక్‌లారెన్ డ్రైవర్లు హామిల్టన్, అలొన్సో చెరి 109. ఒక్క పాయింటు అటూ ఇటూ అయి ఉంటే, అనర్హత వేటు పడిన జట్టు కారులోంచి ప్రపంచ ఛాంపియన్ దిగేవాడు. ఆ ముప్పు తప్పింది అదృష్టం కొద్దీ.

రెడ్‌బుల్ ఖర్చు పరిమితి కేసులో అంకెలు చిన్నవి. 2021లో పరిమితికి మించి పెట్టింది 18.64 లక్షల పౌండ్లు, అంటే 1.6 శాతం. పన్ను మినహాయింపు సరిగ్గా లెక్కగడితే 0.37 శాతమేనని ఎఫ్ఐఏనే చెప్పింది. శిక్ష 70 లక్షల డాలర్లు, ఏరోడైనమిక్ పరీక్షల్లో 10 శాతం కోత. ఆ జట్టు డ్రైవర్ వెర్‌స్టాపెన్ టైటిల్ తేలింది 2021 డిసెంబర్ 12న, ఈ శిక్ష వచ్చింది 2022 అక్టోబర్ 28న. మధ్యలో 320 రోజులు. ఆ ఖాళీలోకి పుకార్లు వచ్చి చేరాయి. 0.37 శాతం గురించి అంత కోపమెందుకని అడిగేవాళ్లు ఆ 320ని చూడటం లేదు.

ఇక జరిమానాలు ఎవరికి చేరతాయి? ఎక్కువ భాగం సంస్థల ఖాతాల్లోకి. టికెట్టు కొన్నవాడికి డబ్బు తిరిగొచ్చిన పెద్ద సందర్భం 2005 జూన్ 19, ఇండియానాపోలిస్. అది మోసం కాదు, టైర్ల వైఫల్యం. మిషెలిన్ టైర్లున్న 14 కార్లు ఫార్మేషన్ ల్యాపు పూర్తవగానే పక్కకు తప్పుకున్నాయి, ఆరు కార్లతో రేసు నడిచింది. జనం ట్రాక్ మీదికి సీసాలు విసిరారు. ఆ ఆరుగురిలో మన నారాయణ్ కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చి 5 పాయింట్లు సాధించాడు. ఫార్ములా వన్‌లో భారతీయుడు గెలుచుకున్న పాయింట్లు ఇప్పటికీ అవే. వాటిని చిన్నబుచ్చడం నాకు ఇష్టం లేదు. గీత దాటిన కారు గీత దాటిన కారే. మిషెలిన్ టికెట్ల డబ్బు వెనక్కి ఇచ్చింది, మరుసటి ఏడాది రేసుకు 20,000 టికెట్లు కొని ఆనాటి ప్రేక్షకులకు పంచింది. పొరపాటుకే ఇంత చేయగలిగినప్పుడు, కావాలని చేసిన మోసానికి సింగపూర్ ప్రేక్షకుడికి ఏమీ ఎందుకు దక్కలేదు?

అమెరికా నాస్కార్ అభిమానులు ఇంకో దారి చూపించారు. 2013 సెప్టెంబర్ 7న రిచ్‌మండ్‌లో మైకేల్ వాల్‌ట్రిప్ జట్టు తన డ్రైవర్ ఒకరికి ప్లేఆఫ్ చోటు దక్కేలా ఫలితాన్ని తారుమారు చేసింది. రెండు రోజుల్లోనే 3 లక్షల డాలర్ల జరిమానా పడింది, దొడ్డిదారిన వచ్చిన ఆ చోటు పోయింది. కోపం అక్కడితో ఆగక స్పాన్సర్ దాకా పాకింది. రెండు వారాలు తిరక్కముందే నాపా కంపెనీ తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2015 సీజన్ ముగిసేసరికి ఆ జట్టే మూతపడింది.

అభిమానులు ప్రతిసారీ కఠిన శిక్షే కోరతారనుకోవద్దు. 2020 మే 23న, లాక్‌డౌన్ రోజుల్లో జరిగిన ఆన్‌లైన్ ఫార్ములా ఈ పోటీలో ఆడి జట్టు డ్రైవర్ డానియల్ అబ్ట్ తన బదులు ఒక గేమర్‌ను కూర్చోబెట్టాడు. 10,000 యూరోలు దానం ఇవ్వమన్నారు. ఆడి కంపెనీ మూడు రోజుల్లో అతణ్ని అసలు కారుకే దూరం చేసింది. ఆటలో చేసిన చిలిపి పనికి ఉద్యోగం తీస్తారా అని తోటి డ్రైవర్లూ అభిమానులూ చాలామంది అతని వైపు నిలిచారు. శిక్ష తప్పుకు తగినంతే ఉండాలన్న పట్టింపు వాళ్లకు ఉంది.

ఫలితాలను సవాలు చేసే కాలపరిమితి విషయంలో మాత్రం నిబంధన మారాలి. సింగపూర్ సంగతి తనకూ ఎఫ్ఐఏ అప్పటి అధ్యక్షుడికీ 2008లోనే తెలుసని, బయటికి రానివ్వలేదని అప్పట్లో ఫార్ములా వన్‌ను నడిపిన బెర్నీ ఎకిల్‌స్టోన్ అన్నట్టు 2023 మార్చిలో ఒక ఇంటర్వ్యూ వెలువడింది. అది నిజమైతే, ఫలితాలు ఖరారయ్యే లోపే దాన్ని సరిదిద్దే అవకాశం ఉండేది. దాచిపెట్టిన రోజులను గడువులో లెక్కించడమంటే, దాచినవాడికి బహుమతి ఇచ్చినట్టే. మాసా 2024 మార్చిలో లండన్ హైకోర్టుకు వెళ్లి సుమారు 6.4 కోట్ల పౌండ్లు అడిగాడు. 2025 నవంబరులో కోర్టు, ఆ టైటిల్ తనదేనని ప్రకటించాలన్న కోరికను తోసిపుచ్చి, కుట్ర ఆరోపణను మాత్రం విచారణకు అనుమతించింది. ఆ విచారణలో ఎవరికి ఎప్పుడు ఏం తెలిసిందో ప్రమాణం మీద చెప్పించాలి. సింగపూర్‌లో టికెట్టు కొన్నవాళ్లకు ఆ మాత్రం వినే హక్కుంది.