పదివేలు అని రాసిన పెట్టెలో ఏముంది?

కర్నూలు జిల్లా ఆస్పరి మండలంలో ఎండాకాలం ఉపాధి పనులు పొద్దు ఎక్కకముందే మొదలవుతాయి. పార, గడ్డపార, తట్టలతో పాటు పనిచోటికి తప్పకుండా రావలసిన వస్తువు ఇంకొకటి ఉంది. అది కూలీల గుంపును నడిపే మేట్ చేతిలోని స్మార్ట్‌ఫోన్. ఉపాధి హామీ కూలీల హాజరు యాప్‌లోనే పడాలని, పనిచోటు దగ్గరే రోజుకు రెండుసార్లు ఫొటో తీసి ఎక్కించాలని 2023 జనవరి 1 నుంచి కేంద్రం తప్పనిసరి చేసింది. ఎండకు తెర కనబడదు కాబట్టి వెలుతురు పూర్తిగా పెంచాలి. ఎక్కడున్నారో చూపడానికి జీపీఎస్ నడవాలి. గుట్ట పక్కన సిగ్నల్ సరిగా అందకపోతే ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూనే ఉంటుంది. బ్యాటరీని తాగేసే మూడు పనులూ ఒక్కసారే మీద పడతాయి. రెండో ఫొటో వేళకు ఫోన్ ఆగిపోతే ఆ పూట చెమటోడ్చిన గుంపు మొత్తానికి చిక్కు.

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, ఆస్పరి వైపు నుంచి ఏటా సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే కుటుంబాల అవసరం వేరు. గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లినవాళ్లు చేల పక్కనే గుడారాలు వేసుకుంటారు. ఊళ్లో అవ్వ దగ్గర వదిలి వచ్చిన పిల్లలతో రాత్రి నాలుగు మాటలు మాట్లాడాలంటే ఫోన్‌లో చార్జింగ్ ఉండాలి, గుడారానికేమో ప్లగ్ ఉండదు. ఇలాంటివాళ్లు కష్టం చేసి సంపాదించిన డబ్బుతో పవర్ బ్యాంక్ కొంటారు. పెట్టె మీద ఎంత పెద్ద అంకె ఉంటే అంత మంచిదని నమ్మి కొంటే ఆ డబ్బు వృథా అయినట్టే. ఆ అంకె వెనక ఉన్నది సెల్. దాని కథ తెలిస్తేనే అంకె విలువ తెలుస్తుంది.

ఆ కథ చమురు కరువుతో మొదలైంది. 1970లలో పెట్రోలు కొరత ముంచుకొచ్చినప్పుడు, ఎక్సాన్ అనే చమురు కంపెనీయే చమురు లేని రోజుల కోసం పరిశోధనకు డబ్బు పెట్టింది. అక్కడ పనిచేసిన స్టాన్లీ విటింగ్‌హామ్ ఒక ధ్రువంలో టైటానియం డైసల్ఫైడ్, మరో ధ్రువంలో లిథియం లోహం పెట్టి మళ్లీ మళ్లీ చార్జ్ చేయగల బ్యాటరీ తయారుచేశాడు. లోహాలన్నిటిలోకీ లిథియం తేలిక. పైగా ఎలక్ట్రాన్‌ను వదిలేయడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. బ్యాటరీకి ఆ గుణమే బలం, ఆ గుణమే గండం. పదేపదే చార్జ్ చేస్తే లిథియం మీద సూదుల్లాంటి మొలకలు పెరిగి అవతలి ధ్రువాన్ని తాకేవి. అంతే, లోపలే షార్ట్ సర్క్యూట్. ఆ ప్రయోగశాలకు అగ్నిమాపక దళం చాలాసార్లు రావలసి వచ్చింది.

1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్ బృందం టైటానియం డైసల్ఫైడ్ స్థానంలో కోబాల్ట్ ఆక్సైడ్ పెట్టి వోల్టేజీని 4కు చేర్చింది. మిగిలింది లిథియం లోహం బెడద. దాన్ని జపాన్‌లోని అసాహీ కాసెయ్ కంపెనీలో అకీరా యోషినో 1985లో తీర్చాడు. లోహాన్నే తీసేసి, చమురు శుద్ధిలో మిగిలే పెట్రోలియం కోక్‌ను పెట్టాడు. లిథియం అయాన్లు ఆ కార్బన్ పొరల మధ్య దూరి ఉంటాయి. ఇది నిజంగా భద్రమా కాదా అని తేల్చుకోవడానికి పేలుడు పదార్థాలను పరీక్షించే చోటు ఒకటి అడిగి తీసుకుని, బ్యాటరీ మీద పెద్ద ఇనుప దిమ్మె పడేశాడు. ఏమీ కాలేదు. లిథియం లోహం ఉన్న పాత రకం మీద అదే దిమ్మె పడేస్తే భళ్లున పేలింది. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని అమ్మకానికి తెచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. అప్పటికి గుడెనఫ్ వయసు 97. నోబెల్ అందుకున్నవాళ్లలో అంతకంటే పెద్దవారు లేరు.

సెల్ లోపల జరిగేది ఇది. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు కోబాల్ట్ ఆక్సైడ్ వైపు నుంచి బయలుదేరి, మధ్యనున్న సన్నని ప్లాస్టిక్ పొర రంధ్రాల గుండా, కార్బన్ వైపు చేరతాయి. వాడుకునేటప్పుడు తిరిగి వస్తాయి. వాటితో పాటు లోపలి నుంచి పోలేని ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండా నడుస్తాయి, ఆ నడకే మనకు అందే కరెంటు. సుగ్గికి పోయినవాళ్లు కోతలు ముగిశాక ఊరు చేరినట్టే అయాన్లూ తమ చోటికి చేరతాయి. కానీ ప్రతిసారీ కొద్దిపాటి అయాన్లు అక్కడే చిక్కుకుపోయి తిరిగి రావు. అందుకే 300 నుంచి 500 సార్లు పూర్తిగా చార్జ్ చేసేసరికి మామూలు సెల్ సామర్థ్యంలో ఐదో వంతు దాకా తగ్గిపోతుంది. రెండేళ్ల నాటి పవర్ బ్యాంక్ ముందులా రావడం లేదంటే అది చెడిపోయిందని కాదు, వయసైందని.

సెల్ ఒక్కటే ఉంటే పవర్ బ్యాంక్ పుట్టేది కాదు. ఒక్కో కంపెనీ ఫోన్‌కు ఒక్కో పిన్ను ఉన్న రోజుల్లో అందరికీ పనికొచ్చే పెట్టె ఎవరు చేయగలరు? ఆ దారి తెరిచింది యూఎస్‌బీ. ఇంటెల్‌లో దాన్ని రూపొందించిన బృందంలో ముఖ్యుడు వడోదరలో చదువుకున్న అజయ్ భట్. 1996లో మొదటి ప్రమాణం వెలువడింది. కంప్యూటర్‌కు మౌస్, ప్రింటర్ తగిలించడానికి పుట్టిన ఆ 5 వోల్టుల సాకెట్ పదేళ్లు తిరిగేసరికి ఫోన్ చార్జింగ్‌కు దారైంది. అదే కాలంలో బ్యాటరీ ఊడదీయడానికి వీల్లేని స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. అదనపు బ్యాటరీ జేబులో వేసుకుని తిరిగే రోజులు పోయి, అదనపు కరెంటు మోసుకు తిరగవలసిన రోజులు వచ్చాయి. 2013 చివర్లో షావోమీ చైనాలో 10,400 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్ల) పవర్ బ్యాంక్‌ను చవకగా అమ్మకానికి పెట్టాక ఇది సామాన్యుడి వస్తువైంది. అందులో ఉన్నవి ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో వాడే గుండ్రని సెల్లే, ఒక్కోటి 2,600 చొప్పున నాలుగు.

ఈ కథలో తిరుపతికీ చోటుంది. 2022 సెప్టెంబర్ 16న అక్కడ మునోత్ ఇండస్ట్రీస్ లిథియం అయాన్ సెల్ కర్మాగారం ప్రయోగాత్మక ఉత్పత్తిని అప్పటి కేంద్ర సహాయ మంత్రి రాజీవ్ చంద్రశేఖర్ ప్రారంభించారు. 165 కోట్ల రూపాయల పెట్టుబడి, దేశంలో ఇలాంటిది ఇదే మొదటిదని ప్రభుత్వం చెప్పింది. రోజుకు 20,000 సెల్లు చేసే సామర్థ్యం. ఒక్కో సెల్ 10 ఆంపియర్-అవర్లు, అంటే 10,000 ఎంఏహెచ్. అవి పవర్ బ్యాంకుల్లో వాడేవే. దాన్ని సెల్ సగటు వోల్టేజీ 3.7తో గుణిస్తే, ఆ ఒక్క సెల్‌లో 37 వాట్-అవర్ల శక్తి పడుతుంది. రోజుకు 20,000 చొప్పున ఏడాదికి లెక్కేస్తే 270 మెగావాట్-అవర్లు, కర్మాగారం ప్రకటించిన అంకె సరిగ్గా అదే. అంతవరకూ దేశం ఈ సెల్లను చైనా, దక్షిణ కొరియా, వియత్నాం, హాంకాంగ్‌ల నుంచే తెచ్చుకునేది. పైపెట్టె బిగించడం తేలిక, సెల్ చేయడం కష్టం. రాయలసీమలో ఆ కష్టమైన పనికి పూనుకోవడం గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి.

ఇక 37 అనే అంకె దగ్గరికి వద్దాం. కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవలసింది దీన్నే. పెట్టె మీద రాసే 10,000 సెల్ లెక్క, అదీ 3.7 వోల్టుల దగ్గర. ఫోన్‌కు వెళ్లే సాకెట్ 5 వోల్టులది. 3.7ను 5కు ఎత్తడానికి లోపల ఒక సర్క్యూట్ ఉంటుంది. ఎత్తేటప్పుడు కొంత శక్తి వేడిగా పోతుంది. వోల్టేజీ పెరిగింది కాబట్టి అంకె 7,400కు దిగుతుంది, వేడి నష్టం తీసేస్తే 6,000 చిల్లరకు వస్తుంది. నమ్మదగ్గ కంపెనీలు ఈ చివరి అంకెను కూడా 'రేటెడ్ కెపాసిటీ' అని పెట్టె వెనక చిన్న అక్షరాల్లో వేస్తాయి. అది ఉన్న పెట్టెనే కొనడం మంచిది. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోన్‌ను 10,000 పవర్ బ్యాంక్ రెండుసార్లు నింపుతుందని చాలామంది ఆశపడతారు. ఒకటిన్నరసారి నింపితే అది నిజాయితీగా పనిచేసినట్టే. కీప్యాడ్ ఫోన్‌నైతే ఏడెనిమిదిసార్లు నింపుతుంది.

మోసాన్ని పట్టుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. బరువు. గుండ్రని 18650 సెల్ వ్యాసం 18 మిల్లీమీటర్లు, పొడవు 65. బరువు 45 గ్రాములకు అటూ ఇటూ. మేలు రకమైనా అందులో 3,600 ఎంఏహెచ్ మించి పట్టడం అరుదు. అంటే 10,000 కావాలంటే కనీసం మూడు సెల్లు ఉండాలి, మామూలు రకమైతే నాలుగు. బల్లపరుపు సెల్ వాడినా, పెట్టెతో కలిపి దాదాపు 200 గ్రాములు తూగాలి. 20,000 అయితే మామూలుగా 350 గ్రాముల చుట్టూ, ఆపైన తూగుతుంది. ఆస్పరి టమాటా మార్కెట్ దగ్గర కిరాణా కొట్టు కాటా మీద పెట్టినా విషయం తేలిపోతుంది. 50,000 అని రాసి ఉండి పావుకిలో తూగితే ఆ అంకె అబద్ధం. దాంతో వాదించనక్కర్లేదు, పక్కన పెట్టేయడమే.

రెండో పరీక్ష ప్రభుత్వ నమోదు. పవర్ బ్యాంకులకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి. పెట్టె మీద బీఐఎస్ గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ తయారీదారుదో కనబడుతుంది. రెండు నిమిషాల పని.

ఎంత సైజు? రోజూ ఇంటికి తిరిగొచ్చే మేట్‌కు, ఆదోని కాలేజీకి రైలెక్కే విద్యార్థికి 10,000 చాలు. గుడారాల్లో రోజుల తరబడి ఉండే కుటుంబానికి 20,000 మేలు. అయితే దాన్ని నింపడానికీ అంత సమయం కావాలి. పాత 10 వాట్ల చార్జర్‌తో ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే ఇంకా ఎక్కువ. 18 వాట్ల చార్జర్ తీసుకునే రకమైతే సగం సమయమే. దీనికి తోడు మంచి కేబుల్ కావాలి. సన్నటి, పొడుగాటి కేబుల్‌లో వోల్టేజీ దారిలోనే తగ్గిపోయి, ఫోన్ నెమ్మదిగా ఎక్కుతుంది. ఆ తప్పు పవర్ బ్యాంక్ మీద పడుతుంది. ఇంకో సంగతి: కీప్యాడ్ ఫోన్, ఇయర్‌బడ్స్ లాగే కరెంటు చాలా తక్కువ. దాన్ని చూసి కొన్ని పవర్ బ్యాంకులు చార్జింగ్ అయిపోయిందనుకుని ఆగిపోతాయి. కొన్ని రకాల్లో బటన్‌ను రెండుసార్లు నొక్కితే తక్కువ కరెంటు పద్ధతిలోకి మారి ఆగకుండా నడుస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ కోసం కొనేవాళ్లు ఈ సౌకర్యం ఉందో లేదో అడిగి తీసుకోవాలి.

ఎండ మాత్రం ఈ ప్రాంతానికి అసలైన సమస్య. లిథియం అయాన్ సెల్‌ను 45 డిగ్రీల వేడి దాటాక చార్జ్ చేయకూడదు. ఎండాకాలం ఇక్కడ నీడలోనే 40 దాటే రోజులు చాలా ఉంటాయి. బైక్ డిక్కీలో, ట్రాక్టర్ మీద, రేకుల కింద వేడి ఇంకెంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. పనిచోట పవర్ బ్యాంక్‌ను చెట్టు నీడన, గాలి తగిలే గుడ్డ సంచిలో ఉంచాలి. ఫోన్, పవర్ బ్యాంక్ రెండూ కలిపి కవర్‌లో చుట్టి చార్జింగ్ పెట్టకూడదు. రాత్రి దిండు కింద, పరుపు మీద అసలే వద్దు. నెలల తరబడి వాడకపోతే సగం చార్జింగ్‌తో దాచి, మూడు నెలలకోసారి మళ్లీ చార్జ్ చేయాలి.

వేడికి ఇంత భయమెందుకు? సెల్ మధ్యనున్న ప్లాస్టిక్ పొర 130 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. అది పోతే రెండు ధ్రువాలూ కలుస్తాయి, వేడి ఇంకా పెరుగుతుంది, కోబాల్ట్ ఆక్సైడ్ తనలోని ఆక్సిజన్‌ను వదులుతుంది. అంటే మంటకు కావలసిన ఆక్సిజన్ లోపలి నుంచే అందుతుంది. కప్పేసి ఆర్పుదామంటే కుదరదు, నీళ్లు ధారాళంగా పోసి చల్లార్చాలి. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద బైక్‌ను ఈడ్చుకుపోయిన ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. ఆ మంటను మొదలుపెట్టింది బ్యాటరీలు కావు. కానీ బస్సు సామాను అరలో 200కు పైగా స్మార్ట్‌ఫోన్ల పార్సిల్ ఉందని, వాటి బ్యాటరీలు పేలడం మంటల తీవ్రతను పెంచిందని పరిశీలించిన నిపుణులు చెప్పారు. విమానాల్లో పవర్ బ్యాంకులను సామాను అరలో వేయనివ్వకుండా చేతి సంచిలోనే తెమ్మనడానికి కారణం ఇదే. అంటుకుంటే వెంటనే కనబడాలి, ఆర్పే మనిషి పక్కన ఉండాలి. గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్లు గుర్తుంచుకోవలసిన పరిమితి 100 వాట్-అవర్లు, అంటే దాదాపు 27,000 ఎంఏహెచ్. వాట్-అవర్ల అంకె చెరిగిపోయి కనబడకపోతే తనిఖీలో తీసిపెట్టేయవచ్చు.

పవర్ బ్యాంక్ పొట్ట ఉబ్బితే లోపలి ద్రవం విడిపోయి గ్యాస్ పట్టిందని అర్థం. దాన్ని మళ్లీ చార్జింగ్ పెట్టకూడదు, నొక్కి సరిచేయకూడదు, గుచ్చకూడదు. సాకెట్లకు టేపు అంటించి, ఇంటి బయట నీడలో ఇసుక పోసిన కుండలోనో ఇనుప డబ్బాలోనో ఉంచాలి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. కాబట్టి ఆదోనికో కర్నూలుకో వెళ్లినప్పుడు ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇవ్వాలి. పాత ఇనుప సామాన్ల బండికి మాత్రం వేయకూడదు. రాగి కోసం దాన్ని సుత్తితో పగలగొట్టేవాళ్లకు లోపల ఏముందో తెలియదు.