నేలలో ఉన్న పొటాష్ వేరు, పైరుకు అందే పొటాష్ వేరు

నేలలోని పొటాషియంలో 90 నుంచి 98 శాతం దాకా అభ్రకం, ఫెల్డ్‌స్పార్ వంటి ఖనిజాల నిర్మాణంలోనే బిగిసి ఉంటుంది గనుక, మొత్తం పొటాషియాన్ని కొలిచి చెప్పినా రైతుకు ఒరిగేది లేదు. వేరు పీల్చుకోగలిగేది మట్టి తేమలో కరిగి ఉన్నదాన్ని మాత్రమే. అది తరిగేకొద్దీ బంకమట్టి రేణువులను అంటిపెట్టుకున్న పొటాషియం తేమలోకి దిగుతుంది. రుణావేశం గల ఆ రేణువుల మీద ఒక ధనావేశ అయాను స్థానంలోకి మరొకటి రాగలదు కాబట్టి ఈ రెండో రూపాన్ని వినిమయ పొటాషియం అంటారు. బంకమట్టి పొరల నడుమ ఇరుక్కొని, నెమ్మదిగా మాత్రమే బయటపడేది మూడో రూపమైన స్థిర పొటాషియం.

భూసార పరీక్షశాలలు సాధారణంగా మొదటి రెండింటినే కలిపి కొలుస్తాయి. నీడన ఆరబెట్టి జల్లించిన 5 గ్రాముల మట్టికి, ఆమ్లగుణమూ క్షారగుణమూ లేని అమ్మోనియం అసిటేట్ ద్రావణాన్ని 25 మిల్లీలీటర్లు చేర్చి, 5 నిమిషాలు కుదిపి వడగడతారు. అమ్మోనియం అయాను పరిమాణంలో పొటాషియం అయానుకు దగ్గరగా ఉండడం వల్ల, రేణువుల మీద దాని చోటును ఆక్రమించి దాన్ని ద్రావణంలోకి నెడుతుంది. ఆ ద్రావణాన్ని ఫ్లేమ్ ఫోటోమీటర్ మంటలోకి తుంపరగా పంపితే పొటాషియం పరమాణువులు సుమారు 767 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎర్రని కాంతిని వెదజల్లుతాయి. గాఢత ముందే తెలిసిన ద్రావణాల కాంతితో దాని తీవ్రతను పోల్చి పరిమాణం తేలుస్తారు.

హెక్టారు నేలలో 15 సెంటీమీటర్ల లోతు వరకు ఉన్న మట్టిని 22.4 లక్షల కిలోలుగా లెక్కగడతారు కనుక, కిలో మట్టిలో 100 మిల్లీగ్రాముల పొటాషియం తేలితే అది హెక్టారుకు 224 కిలోలవుతుంది. ఎరువుల లెక్క పొటాషియం ఆక్సైడ్ రూపంలో సాగుతుంది కాబట్టి దాన్ని 1.2తో గుణిస్తే సుమారు 269 కిలోలు వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో వాడుకలో ఉన్న కొలమానం ప్రకారం 145 కిలోల లోపు తక్కువ, 340 దాటితే ఎక్కువ, నడుమ ఉన్నది మధ్యస్థం.

అయితే ఈ అంకె వెనుక ఎంత నిల్వ ఉందో ఈ పరీక్ష చెప్పదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఇల్లైట్ అనే బంకమట్టి మెండుగా ఉన్న గంగా మైదానపు ఒండ్రు నేలల్లో అంకె చిన్నదిగా కనిపించినా, పొరల నడుమ నుంచి పొటాషియం విడుదలవుతూ పైరును చాలాకాలం ఆదుకుంటుంది. కేవోలినైట్ ఎక్కువగా ఉండే ఎర్రనేలల్లో అదే అంకె వచ్చినా వెనుక అంత అండ ఉండదు. వరి పైరు తీసుకున్న పొటాష్‌లో అధికభాగం గింజలో కాక గడ్డిలోనే మిగులుతుంది కనుక, ఏటా గడ్డిని పొలం దాటించి పొటాష్ ఎరువు మానేసిన చోట లోపలి నిల్వ కరుగుతూనే ఉంటుంది, పరీక్ష పత్రంలోని అంకె మాత్రం కొన్నేళ్లపాటు పెద్దగా మారకపోవచ్చు. ఈ తరుగుదల కంటికి ఆనదు గనుకనే మరింత ప్రమాదకరం.

మట్టిని నార్మల్ గాఢత గల నత్రికామ్లంలో 10 నిమిషాలు మరిగించి, వచ్చిన పొటాషియం నుంచి వినిమయ భాగాన్ని తీసివేస్తే స్థిర నిల్వ అంచనాకు అందుతుంది. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మెట్ట నేలలను ఈ రెండు కొలతలనూ కలిపి వర్గీకరించారు; సిఫారసులు ఆ దారిలో సాగడమే సమంజసం. స్థిర నిల్వ మెల్లగా మారుతుంది కాబట్టి ఈ పరీక్షను ఏటా జరపనక్కరలేదు, చివరి కొలతకు అదే ఫ్లేమ్ ఫోటోమీటర్ సరిపోతుంది.