బిలాస్‌పూర్‌లో చూడాల్సింది

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ చూడ్డానికి వెళ్తున్నామంటే తెలిసినవాళ్లు ఎక్కువగా ఊరి బయటి పేర్లే చెబుతారు. పాతిక కిలోమీటర్ల దూరంలో రతన్‌పూర్ మహామాయ గుడి, మనియారి ఒడ్డున తాలాగావ్, ఇంకాస్త పైకి పోతే అచానక్‌మార్ పులుల అడవి. ఇవన్నీ తప్పక చూడాల్సినవే. తాలాగావ్‌లో 1980ల చివర బయటపడిన రుద్రశివుడి విగ్రహం ఒక్కటి చాలు, అంతదూరం వెళ్లినందుకు. దాదాపు తొమ్మిదడుగుల రాయి. తలపాగా పాములు, ముక్కు బల్లి, మీసం చేపలు, గడ్డం పీత, చెవులు నెమళ్లు. ఇలాంటి శిల్పం మరోచోట కనపడదు. కానీ ఈ జాబితా ప్రకారం తిరిగొచ్చిన వ్యక్తి బిలాస్‌పూర్‌లో రాత్రి పడుకుంటాడే తప్ప బిలాస్‌పూర్‌ను చూడడు. అతను దిగిన స్టేషన్, దాని చుట్టూ పెరిగిన కాలనీలు, రాత్రంతా వినపడే గూడ్సు బండ్ల చప్పుడు: చూడాల్సిన ఊరు ఇదేనని నా వాదన. మన దేశంలో ఆధునిక నగరం ఎలా తయారైందో ఇంత విప్పి చూపించే చోట్లు తక్కువ.

బిలాసా అనే జాలరి స్త్రీ పేరు మీద వెలిసిందని చెప్పుకునే ఈ ఊరు అర్పా నది ఒడ్డున చాలాకాలం చిన్న బస్తీయే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, అంటే మన పెద్దలు నోరారా పిలిచిన బి.ఎన్.ఆర్., అంతకుముందు నాగపూర్ నుంచి రాజ్‌నంద్‌గావ్ దాకా ఉన్న మీటర్‌గేజి లైనును కొని, బ్రాడ్‌గేజిగా మార్చి, తూర్పుకు పొడిగించింది. 1891కల్లా అది ఆసన్‌సోల్ చేరింది. ఉత్తరాన ఉమరియా బొగ్గు కోసం, కట్నీ కోసం బిలాస్‌పూర్ నుంచే ఒక లైను చీలింది. మూడు దిక్కుల లైన్లు కలిసేచోట ప్లాట్‌ఫారాలు వేస్తే సరిపోదు. ఇంజన్లకు షెడ్డు కావాలి, డ్రైవర్లూ గార్డులూ డ్యూటీ మారాలి, వాళ్లకు క్వార్టర్లు, ఆస్పత్రి, బడి, సాయంత్రానికి ఇన్‌స్టిట్యూట్ కావాలి. అలా పాత ఊరికి పక్కన రెండో ఊరు లేచింది. గోల్ బజార్ వైపు సందులు ఇరుకు. ఎవరి స్థలంలో వాళ్లు కట్టుకుంటూ పోగా మిగిలినదే దారి. రైల్వే వైపు తిన్నని రోడ్లు, పెద్ద చెట్లు, ఆవరణలో బంగళాలు. అక్కణ్నుంచి హోదా తగ్గేకొద్దీ క్వార్టరు చిన్నదవుతూ, చివరికి గోడకు గోడ ఆనుకున్న గదుల వరస. ఉద్యోగంలో ఎవరు ఎక్కడున్నారో నేలమీదే గీసి పెట్టారు. మన కళ్లముందు ఇవాళ లేస్తున్న గేటెడ్ కాలనీల క్రమం అర్థం కావాలన్నా ముందు ఇలాంటి రైల్వే కాలనీలో ఓ గంట నడవాలి.

ఈ రెండో ఊళ్లో మనవాళ్లున్నారు. అందుకు కారణం చరిత్రలోనే ఉంది. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పుకోస్తా లైను బి.ఎన్.ఆర్. చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల మనిషికి ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్‌లు పరాయి కంపెనీ ఊళ్లు కాకుండా పోయాయి. గాంగ్‌మన్‌గానో, ఫిట్టరుగానో, ఫైర్‌మన్‌గానో చేరినవాళ్ల పిల్లలు అక్కడే చదివి, అక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు. 1928లో ఈ కంపెనీ కార్మికుల సమ్మెను నడిపించింది కూడా తర్వాత రాష్ట్రపతి అయిన మన వి.వి.గిరే. బిలాస్‌పూర్ రైల్వే ప్రాంతంలో ఎండాకాలంలో తెలుగు కుటుంబాలు జరిపే సోలాపురి మాత పూజ ఇప్పుడు ఆ ఊరి పండుగల్లో ఒకటి. పర్యాటక పుస్తకాలు ఇలాంటివాటికి ఒక వాక్యమైనా కేటాయించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

రైల్వే కాలనీలు ఎక్కడైనా ఒకటేగా, ఖాజీపేటో గుంతకల్లో చూసినవాడికి ఇక్కడేముంది అని అడగొచ్చు. పోలికలున్న మాట నిజమే. తేడా తెచ్చింది బొగ్గు. కోర్బా గనుల బొగ్గు బయటికి రావాలంటే ఈ పట్టాలే దిక్కు. గెవరా దేశంలోనే పెద్ద ఓపెన్‌కాస్ట్ గనుల్లో ఒకటి. ఆ గనులను నడిపే సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం 1985 నుంచీ బిలాస్‌పూర్‌లోనే ఉంది. ఊరికి దగ్గర్లోని సీపత్‌లో ఎన్టీపీసీ కేంద్రం సామర్థ్యం 2,980 మెగావాట్లు. 2022 ఆగస్టు 15న కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్‌కు ‘సూపర్ వాసుకి’ నడిచింది. ఐదు గూడ్సు రేకులను, అంటే వ్యాగన్ల వరసలను, ఒకటిగా కలిపిన బండి: ఆరు ఇంజన్లు, 295 వ్యాగన్లు, మూడున్నర కిలోమీటర్ల పొడవు. మామూలు రోజున వెళ్లే ఒక్క రేకునైనా బ్రిడ్జి మీద నిలబడి మొదటి వ్యాగన్ నుంచి బ్రేక్‌వ్యాన్ దాకా చూస్తే, మన ఇంట్లో ఫ్యాను తిరగడానికి ఎంత మోయాల్సి వస్తోందో తెలుస్తుంది. ఏ కట్టడమూ ఈ సంగతి చెప్పదు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకోటుంది. గనుల కింద పల్లెలు పోయాయి, ఊళ్ల మీద మసి పడుతోంది, దాన్ని వింతగా చూసిరమ్మంటారా అని. పైగా బొగ్గు బండికి దారి ఇవ్వడం కోసం మనుషుల బండిని ఆపుతున్నారన్నది అక్కడి ప్రయాణికుల పాత ఫిర్యాదు. 2022 వేసవిలో దేశంలో బొగ్గు కొరత వచ్చినప్పుడు ఈ ప్రాంతంలో చాలా ప్యాసింజర్ రైళ్లు రద్దయ్యాయి కూడా. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే అది వెళ్లొద్దనడానికి కారణం కాదు, కళ్లు తెరిచి వెళ్లాలనడానికి కారణం. గుడీ అడవీ చూసి వచ్చేసినవాడికి ఆ ఫిర్యాదు చెవిన పడే అవకాశమే లేదు. టాగూరు 1918లో వెలువరించిన ‘పలాతక’లో ‘ఫాంకి’ అనే కవిత ఉంది. బిలాస్‌పూర్‌లో బండి మారడానికి ఆగిన ఒక జంటకు అక్కడి కూలీ భార్య రుక్మిణి తన కష్టం చెప్పుకుంటుంది. భార్య ఇమ్మన్న సాయాన్ని భర్త ఎగ్గొడతాడు. భార్య పోయాక తిరిగి వచ్చి వెతికితే, ఆ రుక్మిణి ఎక్కడుందో చెప్పేవాళ్లు ఉండరు. దారిలో ఊరును స్టేషన్‌గా మాత్రమే చూసినవాళ్లకు అక్కడి మనుషులు ఎలా తప్పిపోతారో అంత సూటిగా చెప్పిన రచన నాకు మరొకటి తెలియదు.

తెలుగువాళ్లకు ఇంకో పని కూడా ఉంది అక్కడ. బిలాస్‌పూర్‌కు రైల్వే జోన్ ఊరికే రాలేదు. 1996 జనవరిలో జోన్ కోసం జరిగిన ఆందోళన హింస దాకా వెళ్లింది. 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్, రాయ్‌పూర్, నాగపూర్ డివిజన్లతో ఆగ్నేయ మధ్య రైల్వే మొదలైంది. విశాఖకు 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా జోన్ ప్రధాన కార్యాలయానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. జోన్ వస్తే ఊరికి ఏం వస్తుంది, ఆఫీసులూ క్వార్టర్లూ వచ్చాక కూడా ఏ బండి ఆగుతుంది, ఏ బండి రద్దవుతుంది అన్నది లెక్కకట్టాలంటే రెండు దశాబ్దాలు దాటిన జోన్ ఊరు బిలాస్‌పూర్ ఉంది. తిరుపతి నుంచి విజయవాడ, విశాఖ, రాయగడల మీదుగా నేరుగా ఎక్స్‌ప్రెస్ కూడా ఉంది. విశాఖలో జోన్ గురించి మాట్లాడేవాళ్లు అది ఎక్కి ఒకసారి వెళ్లి, బుధ్‌వారీ బజార్‌లో సరుకులు కొనే రైల్వే కుటుంబాలను అడిగి రావాలి.