పెంపుడు పాముకు కొమ్మ: పెట్టెలో పెట్టే ముందు ఏం చూడాలి?

వేసవిలో కాలబైశాఖి గాలివాన వచ్చి వెళ్లిందంటే ఖరగ్‌పూర్ వీధుల్లో విరిగిన కొమ్మలు కనిపిస్తాయి. తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఈ పశ్చిమ బెంగాల్ రైల్వే పట్టణంలో, సుభాష్‌పల్లి లాంటి పేటల్లో పాము పెంచుకునేవారికి అవి ఖర్చు లేకుండా దొరికే వస్తువులు. కానీ దొరికిన కొమ్మను దులిపి గాజు పెట్టెలో పెట్టేస్తే పాము ప్రాణం మీదికి రావచ్చు. అది ఏ చెట్టుది, ఎక్కడిది, ఎలా శుభ్రం చేశారు, ఎలా బిగించారు అన్నవి తేల్చుకున్నాకే లోపల పెట్టాలి.

ముందు చట్టం సంగతి

నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, రెండు తలల పాము లాంటి మన దేశపు పాములకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని ఇంట్లో పెంచడం నేరం. ఇక్కడ చెప్పేదంతా విదేశీ జాతుల గురించే. వాటిలోనూ బాల్ పైథాన్ లాంటివి అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం పరిధిలో ఉన్నాయి. చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం చట్టం నాలుగో షెడ్యూల్‌లోని ఇలాంటి జీవులను పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

కొమ్మ అలంకరణ కాదు

పాము కొమ్మ ఎక్కితే దాని కండరాలకు పని పడుతుంది. కుబుసం విడిచేటప్పుడు ఒరుసుకోవడానికి గరుకు బెరడు సాయపడుతుంది. వెచ్చదనం కావాలంటే పైకి, చల్లదనం కావాలంటే కిందికి పోయే వీలూ ఉంటుంది. కార్న్ స్నేక్ చక్కగా ఎక్కుతుంది. నేలపాముగా పేరుపడ్డ బాల్ పైథాన్ కూడా, ముఖ్యంగా చిన్న వయసులో, అడవిలో చెట్లెక్కుతుంది. కొమ్మ లావు పాము ఒంటి లావుకు సమానంగా గానీ కాస్త ఎక్కువగా గానీ ఉంటే పట్టు బాగా దొరుకుతుంది.

ఏ చెట్టు, ఎక్కడిది?

పెరట్లోని జామ కొమ్మ మంచి ఎంపిక. గట్టిగా ఉంటుంది, వంకరలు తిరిగి ఉంటుంది, జిగురు కారదు. వెదురూ పనికొస్తుంది. గన్నేరు జోలికి మాత్రం అసలు పోకూడదు. దానిలో ప్రతి భాగమూ గుండెను దెబ్బతీసే విషమే. పాలు కారే జిల్లేడు, ఘాటైన నూనెలుండే యూకలిప్టస్, దేవదారు, జిగురు కారే పైన్ కూడా వద్దు. పేరు తెలియని చెట్టు కొమ్మను వదిలేయడమే మేలు.

రైల్వే పట్టణంలో ఇంకో రెండు జాగ్రత్తలు అవసరం. పట్టాల పక్కన కలుపు మందులు చల్లుతారు కాబట్టి అక్కడి కొమ్మలు తీసుకోకూడదు. పాత చెక్క స్లీపర్ ముక్కలు ఎంత అందంగా కనిపించినా పెట్టెలోకి రాకూడదు. అవి పుచ్చిపోకుండా క్రియోసోట్ పట్టించేవారు. అది తారు నుంచి తీసే విష పదార్థం. ఇక చుట్టుపక్కల సాల అడవుల నుంచి అనుమతి లేకుండా కలప తేవడం చట్టవిరుద్ధం.

శుభ్రం చేసే పద్ధతి

మెత్తబడిన, పుచ్చిన కొమ్మను పక్కన పడేయాలి. పచ్చి కొమ్మనైతే కొన్ని వారాలు నీడలో ఆరనివ్వాలి. ఊడివస్తున్న బెరడు తీసేసి, గట్టిగా ఉన్నది ఉంచాలి. సబ్బు లేకుండా బ్రష్‌తో రుద్ది కడిగి, కోసిన చివర్లను గరుకు కాగితంతో నునుపు చేయాలి.

తర్వాత వేడి. పెద్ద గిన్నెలో పట్టే కొమ్మను అరగంట మరిగించవచ్చు. ఓవెన్ ఉంటే సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట నుంచి గంట ఉంచాలి. అంతసేపూ మనిషి పక్కనే ఉండాలి. పెద్ద కొమ్మ మీద సలసల కాగే నీళ్లు పలుమార్లు పోసి, కొన్ని రోజులు ఎండబెట్టాలి. చీమలు, చెదలు, కలప తొలిచే పురుగులు, బూజు చాలావరకు దీంతోనే పోతాయి. ఫినాయిల్, పురుగుల మందు మాత్రం వాడకూడదు. ఫినాయిల్ జాతి మందులు పాములకు విషం. వార్నిష్, రంగు కూడా అక్కర్లేదు.

వేరే పాము పెట్టెలో వాడిన కొమ్మ తెస్తే ఈ వేడి తప్పనిసరి. రక్తం పీల్చే పాము పేలు అలాగే ఇంటికి చేరతాయి.

జారకుండా బిగించాలి

శుభ్రమైన కొమ్మ కూడా సరిగా బిగించకపోతే పామును నలిపేస్తుంది. గాజుకు ఊరికే ఆనించకూడదు. చెక్క పెట్టె అయితే బయటి నుంచి స్క్రూ వేయాలి. గాజు పెట్టె అయితే కింద పరిచే పొట్టు మీద కాకుండా అడుగు మీదే ఆనేలా నిలబెట్టాలి. లేకపోతే పాము కింద తవ్వినప్పుడు కొమ్మ ఒరిగిపోతుంది. పాము బరువుకు మించి చేత్తో నొక్కినా కదలకూడదు. అంటించే టేపు వాడితే అది పొలుసులకు అతుక్కుని చర్మం చిరుగుతుంది. కొమ్మ పైచివర బల్బుకు అందనంత దూరంలో ఉండాలి, బల్బు చుట్టూ జాలీ ఉండాలి. పాముల ఒళ్లు కాలడానికి రక్షణ లేని బల్బులు ఒక ప్రధాన కారణం.

పెట్టాక కూడా కన్నేసి ఉంచాలి. వానాకాలపు తేమలో కొత్త కలప మీద బూజు రావచ్చు. వస్తే కొమ్మ తీసి, కడిగి, మళ్లీ ఎండబెట్టి, పెట్టెకు గాలి ఆడేలా చూడాలి. పాము నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, నీటి గిన్నెలోనే గంటల తరబడి పడి ఉంటున్నా ముందు కొమ్మ బయటికి తీసి, పశువైద్యుణ్ని కలవాలి.