‘ఓకే’ నొక్కినా పోదేం?

మా మేనత్త ట్యాబ్‌ను బోర్లించి, మీద తుండుగుడ్డ కప్పి బీరువాలో పెట్టేసింది. రోజూ పొద్దున్నే తిథి, వర్జ్యం చూసుకోందే కాఫీ తాగని మనిషి, మూడు రోజులుగా దాని జోలికే పోలేదు. ఏమైందని అడిగాను. ‘‘దానికి వైరస్ పట్టిందిరా. పదమూడు పట్టాయని అదే రాసి చూపించింది. ఎన్నిసార్లు ఓకే కొట్టినా మళ్ళీ లేస్తోంది. ముట్టుకుంటే బ్యాంకులో డబ్బులు పోతాయేమోనని దాచేశాను’’ అంది.

తీసి చూశాను. ఎర్రటి తెర, నడుమ తెల్లటి పెట్టె. అందులో ట్యాబ్ మోడల్ పేరు, మాకు దగ్గర్లోని పట్నం పేరు, రెండు నిమిషాల నుంచి వెనక్కి తిరుగుతున్న గడియారం. అత్తను ఎక్కువగా భయపెట్టింది వైరస్ కాదు, ఆ ఊరి పేరు. ‘‘మనం ఎక్కడున్నామో కూడా తెలుసు దానికి’’ అని రెండుసార్లు అంది.

ఆ వివరాలు తెలియడానికి వెబ్ పేజీ ట్యాబ్‌లోకి దూరనక్కర్లేదు. మనం ఏ సైటు తెరిచినా బ్రౌజర్ తానెవరో, ఎలాంటి పరికరం మీద నడుస్తోందో చెప్పుకుంటుంది. సైటు అడిగితే ఆండ్రాయిడ్‌లోని క్రోమ్ మోడల్ పేరు కూడా ఇస్తుంది. ఇక మన ఐపీ చిరునామాను బట్టి ఏ పట్నం చుట్టుపక్కల ఉన్నామో సుమారుగా చెప్పే పట్టికలు డబ్బిస్తే దొరుకుతాయి. అంతకుమించి ఆ పేజీకి చూపు లేదు. బ్రౌజర్ ప్రతి పేజీ చుట్టూ ఒక గిరి గీస్తుంది. మన ఫొటోలు, మెసేజ్‌లు, పక్కనున్న బ్యాంకు యాప్ అన్నీ ఆ గిరికి అవతలే. వైరస్‌లు లెక్కపెట్టడం మాట దేవుడెరుగు, లోపల ఏ ఫైళ్లున్నాయో చదవడమే దానికి చేతకాదు. పదమూడు అన్న అంకె ఆ పేజీ రాసినవాడు ముందే టైపు చేసి పెట్టుకున్నది.

మరి ఓకే నొక్కినా ఎందుకు పోదు? 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలిరూపు ఇచ్చిన భాష జావాస్క్రిప్ట్. అందులో ‘అలర్ట్’ అనే ఆజ్ఞ ఒకటుంది. అది తెర మీద చిన్న పెట్టెను నిలబెట్టి, మనం ఓకే అనేదాకా ఆ పేజీలో మరే పనీ సాగనివ్వదు. ‘ఓకే అన్నాక మళ్ళీ ఇదే చూపు’ అని పక్కన ఒక్క వరుస చేర్చితే చాలు, నొక్కిన ప్రతిసారీ కొత్త పెట్టె పుడుతుంది. మన కంటికి మాత్రం పాతదే కదలనట్టుంటుంది. ఇది అంత తేలికైన పని. అయినా 2019లో జపాన్‌లో ఇలాంటి పేజీకి లింకు పెట్టినందుకు పదమూడేళ్ల బాలికను హ్యోగో పోలీసులు విచారించారు. ఇంత చిన్న అల్లరికా అని అక్కడి ప్రోగ్రామర్లు గట్టిగా నిరసన తెలిపారు.

అల్లరిగా మొదలైనది దోపిడీ కావడానికి ఆట్టే దూరం లేదు. ఐప్యాడ్, ఐఫోన్లలోని సఫారీ ఒకప్పుడు ఈ పెట్టెను ఒక్క పేజీకి కాక మొత్తం బ్రౌజర్‌కే అడ్డంగా నిలబెట్టేది. దాన్ని ఆసరా చేసుకుని కొందరు పోలీసు హెచ్చరికలా కనబడే పేజీలు తయారుచేసి, ‘తాళం’ తీయాలంటే ఐట్యూన్స్ గిఫ్ట్ కార్డు కోడ్ పంపమన్నారు. లుకవుట్ అనే భద్రతా సంస్థ ఈ సంగతి బయటపెట్టింది. 2017 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 10.3తో ఆపిల్ ఆ పెట్టెను ఒక్క పేజీకే కట్టేసింది. అసలు ఆ తాళమే ఉత్తిది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి సఫారీ చరిత్ర తుడిచేస్తే ఊడిపోయేది. ఆ చిన్న సంగతి తెలియక డబ్బు కట్టినవాళ్లను తలచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

అత్త ట్యాబ్ పాతది, బ్రౌజర్ అప్‌డేట్ చూసి ఏళ్లయింది. దాన్ని ఆపి మళ్ళీ వెలిగించినా ఎర్ర తెరే వచ్చింది. ఇందులో వింతేమీ లేదు. హఠాత్తుగా ఆగిపోయిన బ్రౌజర్, మళ్ళీ తెరవగానే మన పని పోకూడదని చివరి పేజీని తెచ్చిపెడుతుంది. మేలు చేయబోయిన గుణమే ఇక్కడ కీడైంది. కాబట్టి ముందు నెట్ తీసేయాలి. ఏరోప్లేన్ మోడ్ పెట్టి, సెట్టింగ్స్‌లోని యాప్‌ల జాబితాలో బ్రౌజర్‌ను ‘ఫోర్స్ స్టాప్’ చేసి, అప్పుడు తెరిచాను. నెట్ లేదు కనక పేజీ రాలేకపోయింది. ఖాళీగా ఉన్న దాన్ని మూసేసి, బ్రౌజర్ చరిత్ర, కుకీలు తుడిచేశాను.

అత్త ఊపిరి పీల్చుకుంది. గంట తిరక్కుండా పైనుంచి మళ్ళీ టింగుమని ఒక హెచ్చరిక జారింది. బ్రౌజర్ మూసే ఉంది!

ఈ రెండో రకం వేరు. 2015 ఏప్రిల్‌లో వచ్చిన క్రోమ్ 42 నుంచి, మనం ఒప్పుకుంటే సైట్లు మన పరికరానికి నోటిఫికేషన్లు పంపగలవు. పేజీ మూసినా అవి ఆగవు. సైటు తాలూకు చిన్న ప్రోగ్రాం ఒకటి బ్రౌజర్ దగ్గర నిలువ ఉండి, సర్వర్ నుంచి కబురు రాగానే మేలుకుంటుంది. వార్తాపత్రికకో, మెయిల్‌కో ఇది మంచి వసతి. మోసగాడు మాత్రం ‘మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలో నొక్కండి’ అని రాసిపెడతాడు. సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరుసలో వెళ్లి చూస్తే అత్త ఎప్పుడో అలో అన్న నాలుగు సైట్లు కనిపించాయి. మూడింటి పేర్లు అర్థంలేని అక్షరాల కుప్పలు, నాలుగోది పంచాంగం. నాలుగూ తీసేశాను. ఐప్యాడ్‌లో ఈ బెడద తక్కువ. అక్కడ 2023లో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 16.4 నుంచే సైట్లు నోటిఫికేషన్లు పంపగలుగుతున్నాయి, అదీ మనం హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్నవి మాత్రమే.

అసలు అడక్కుండా లేచే కిటికీ ఎలా పుట్టిందో దాన్ని పుట్టించినవాడే చెప్పాడు. 1990లలో ట్రైపాడ్ అనే అమెరికా సంస్థలో పనిచేసిన ఈథన్ జుకర్‌మన్, ఒక కార్ల కంపెనీ ప్రకటన అశ్లీల పేజీ మీద పడి గొడవయితే, ప్రకటనను పేజీకి అంటకుండా విడి కిటికీలో తెరిచే ప్రోగ్రాం రాశాడు. 2014లో ది అట్లాంటిక్ పత్రికలో అందుకు క్షమాపణ చెప్పుకున్నాడు. ఈలోగా బ్రౌజర్లు ఊరుకోలేదు. 2004 నాటికి ఫైర్‌ఫాక్స్, విండోస్ ఎక్స్‌పీతో వచ్చే ఎక్స్‌ప్లోరర్ కూడా వాటిని అడ్డుకోవడం మొదలుపెట్టాయి. మనిషి నొక్కితేనే కొత్త కిటికీ తెరవాలి, పేజీ తనంతట తాను తెరవకూడదు అన్నది నియమం. దాంతో మోసమంతా మన వేలి చుట్టూ తిరగసాగింది. పేజీ మీద కనబడని పొర పరుస్తారు, మొదటి తాకుడు దాని మీద పడుతుంది. మూసే ఇంటూ గుర్తును ఉత్త బొమ్మగా గీస్తారు. కంప్యూటర్‌లో మౌస్ బాణాన్ని లింకు మీద ఉంచితే ఎక్కడికి పోతుందో అడుగున కనిపిస్తుంది. ట్యాబ్‌లో ఆ వీలు లేదు, వేలు ఆనిందంటే నొక్కినట్టే. లింకును కాసేపు నొక్కిపట్టి ఉంచితే చిరునామా చూపిస్తుంది, ఆ అలవాటు చేసుకోవాలి. ఇంటూను నమ్మకుండా, తెరిచి ఉన్న పేజీల జాబితాలోకి వెళ్లి మూయడం మేలు. ఆ జాబితా బ్రౌజర్‌ది, పేజీ దాన్ని ముట్టుకోలేదు.

బ్రౌజర్ తెరవకుండానే, హోమ్ స్క్రీన్ మీదే ప్రకటనలు లేస్తుంటే దొంగ ఏదో యాప్ రూపంలో ఉన్నట్టు. ‘ఇతర యాప్‌లపై చూపించు’ అన్న అనుమతి ఎవరికిచ్చామో సెట్టింగ్స్‌లో వెతకాలి. ఎర్ర తెర ఇన్‌స్టాల్ చేయమనే ‘క్లీనర్’ యాప్ జోలికి, అది చూపించే ఫోన్ నంబరు జోలికి మాత్రం పోవద్దు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే క్షణం ఆలోచించకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

సాయంత్రం ట్యాబ్ అత్త చేతికిచ్చాను. పంచాంగం సైటు తెరవగానే నోటిఫికేషన్లకు ఒప్పుకుంటారా అంటూ పెట్టె లేచింది. కళ్లజోడు సవరించుకుని, ప్రతి అక్షరం పైకి చదివి, బ్లాక్ మీద వేలు పెట్టింది. తర్వాత మూడు రోజుల తిథులు వరసగా చూసుకుని, ఏకాదశి దాటిపోయిందని నొచ్చుకుంది.