తుపాను తీరం దాటిన తరువాత: ఇబ్రహీంపట్నం ప్రాంతంలో చేపట్టవలసిన ముందుజాగ్రత్తలు

ఇబ్రహీంపట్నం (రంగారెడ్డి జిల్లా): బంగాళాఖాతంలో తుపాను ఏర్పడిందన్న సమాచారం అందిన వెంటనే ప్రభుత్వ యంత్రాంగం దృష్టి, పత్రికల దృష్టి సహజంగా కోస్తా జిల్లాల వైపు మళ్ళుతుంది. జనసమ్మర్దం గల తీరగ్రామాల నుండి ప్రజలను తరలించడం, మత్స్యకారులను ఒడ్డుకు రప్పించడం, ఓడరేవులలో ప్రమాద సూచికలను ఎగురవేయడం వంటి చర్యలు గంటగంటకూ వార్తలవుతాయి. తుపాను తీరం దాటి "బలహీనపడింది" అన్న ప్రకటన వెలువడగానే ఆ దృష్టి సడలుతుంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇబ్రహీంపట్నం వంటి ప్రాంతాలకు అసలు ముప్పు ఆరంభమయ్యేది సరిగ్గా అప్పుడే.

కోస్తాలో సన్నద్ధత ఒక్కనాటితో రూపుదిద్దుకున్నది కాదు. 1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో అధికారిక అంచనాల ప్రకారమే సుమారు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ విషాదం తరువాతనే తీరం వెంబడి తుపాను రక్షిత భవనాల నిర్మాణం, ముందస్తు తరలింపు పాలనా వ్యవస్థలో స్థిరపడ్డాయి. 1990 మే నెలలో మచిలీపట్నం సమీపాన తీరాన్ని తాకిన అతి తీవ్ర తుపానులో మృతుల సంఖ్య వెయ్యి లోపునకు పరిమితం కావడానికి ఈ తరలింపే ముఖ్య కారణం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖపట్నం మహానగరంపై విరుచుకుపడినప్పుడు ఆస్తినష్టం అపారంగా ఉన్నప్పటికీ, ప్రాణనష్టాన్ని చాలావరకు నివారించడం సాధ్యపడింది. అయితే ఈ అనుభవమంతా గాలికి, ఉప్పెనకు సంబంధించినది. అంతర జిల్లాలలో శత్రువు గాలి కాదు, వర్షపు నీరు.

భారత వాతావరణ శాఖ తుపాను హెచ్చరికలను నాలుగు దశలలో జారీ చేస్తుంది. తీరంలో ప్రతికూల వాతావరణం మొదలు కావడానికి 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు పసుపు రంగు సంకేతంతో అప్రమత్తత, 24 గంటల ముందు నారింజ రంగుతో హెచ్చరిక వెలువడతాయి. నాలుగోది ఎరుపు రంగు సంకేతం. తుపాను తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు విడుదలయ్యే ఈ సూచనలో, తీరం దాటిన తరువాత అది ఏ దిశగా పయనిస్తుంది, లోపలి ప్రాంతాలలో ఎటువంటి వాతావరణం నెలకొంటుంది అన్న వివరాలు ఉంటాయి. మొదటి మూడు దశలకు పత్రికలలో లభించే స్థానం నాలుగో దశకు లభించడం లేదు. తెలంగాణ జిల్లాల అధికారులు అన్నిటికంటె శ్రద్ధగా చదువవలసినది దీనినే.

ఇందులో మరొక చిక్కు ఉన్నది. గాలివేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరినప్పుడే అల్పపీడన వ్యవస్థను తుపానుగా పరిగణిస్తారు. 2004 నుండి అమలులో ఉన్న పద్ధతి ప్రకారం అప్పుడే దానికి పేరు పెడతారు. అంతకు లోబడినది వాయుగుండం లేదా తీవ్ర వాయుగుండం మాత్రమే. దానికి పేరుండదు, తుపాను హెచ్చరికల హడావుడీ ఉండదు. వర్షానికి మాత్రం ఈ వర్గీకరణతో నిమిత్తం లేదు.

2020 అక్టోబరు 13 ఇందుకు తిరుగులేని నిదర్శనం. ఆ ఉదయం ఒక తీవ్ర వాయుగుండం కాకినాడ సమీపాన తీరం దాటింది. అక్కడి నుండి ఇబ్రహీంపట్నానికి నేరుగా సుమారు 380 కిలోమీటర్లు. అదే రోజు సాయంత్రానికి, రాత్రికి హైదరాబాద్ పరిసరాలు జలమయమయ్యాయి. మరునాటి ఉదయం 8.30 గంటలతో ముగిసిన 24 గంటలలో ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్లు, ఇబ్రహీంపట్నానికి చేరువలోని హయత్‌నగర్‌లో సుమారు 30 సెంటీమీటర్ల వర్షం నమోదైంది. బేగంపేటలో కురిసిన 19 సెంటీమీటర్లు అక్టోబరు మాసానికి అంతవరకు లేని రికార్డు. 20.4 సెంటీమీటర్లు దాటితేనే అత్యంత భారీ వర్షంగా లెక్కించే చోట ఇది ఏ స్థాయి వర్షమో ఊహించుకోవచ్చును. 30 సెంటీమీటర్ల వర్షమంటే ఒక్క చదరపు కిలోమీటరుపై 30 కోట్ల లీటర్ల నీరు. పేరు లేని ఆ వాయుగుండం రాష్ట్రంలో పదుల సంఖ్యలో ప్రాణాలను బలిగొన్నది.

నేలపైకి చేరిన తుపాను సముద్రపు తేమ సరఫరా తగ్గి, నేల ఒరిపిడి వలన గాలివేగాన్ని కోల్పోతుంది. కాని అప్పటికే అది మోసుకొచ్చిన తేమ అంత త్వరగా హరించుకుపోదు. కదలిక మందగిస్తే ఒకే ప్రాంతంపై గంటల తరబడి కుమ్మరిస్తుంది. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపాన తీరం దాటిన మొంథా తుపాను మరునాడు వరంగల్, హనుమకొండ కాలనీలను ముంచెత్తినది ఈ విధంగానే.

ఇబ్రహీంపట్నంలో ప్రశ్న అంతిమంగా చెరువు కట్ట వద్దకు చేరుతుంది. కుతుబ్ షాహీ సుల్తాను ఇబ్రహీం కులీ పేరుతో ముడిపడిన ఇక్కడి పెద్దచెరువు జిల్లాలోని ప్రధాన జలాశయాలలో ఒకటి. షాబాద్ మండలం చందనవెల్లి వద్ద మొదలయ్యే నిజాం కాలపు ఫిరంగి నాలా దీనిని నింపేందుకు ఉద్దేశించినది. నీరు చాలక చెరువు వెలవెలబోయిన సంవత్సరాలలో నాలా పొడవునా ఆక్రమణలు పెరిగాయి. ఏళ్ళ తరబడి నీరు పారని కాలువ ఇక కాలువే కాదన్న భావన ప్రబలింది. నీటికి ఆ మరపు ఉండదు. కరవులో చెరువుకు నీరు రాకుండా చేసిన అడ్డంకే వరదలో నీటిని ఇండ్ల మీదికి మళ్ళిస్తుంది. శిఖం భూముల అంచున, మత్తడి దిగువన వెలసిన నివాసాలకు ఈ ముప్పు అధికం.

కనుక నాలుగో దశ సూచన గాని, జిల్లాకు నారింజ లేదా ఎరుపు రంగు వర్ష హెచ్చరిక గాని అందిన వెంటనే తొలి అడుగు చెరువుల వైపు పడవలసి ఉంటుంది. నీటిపారుదల సిబ్బంది పగటి వెలుగులోనే కట్టలపై నడచి చూడాలి. కట్ట వెలుపలి వాలున బుంగలు, చెమ్మ, ఎలుక బొరియలు ఉన్నవేమో పరిశీలించాలి. తూము షట్టర్లు తిరుగుతున్నవా, మత్తడి కాలువలో పూడిక, తుమ్మచెట్లు, చేపల కోసం కట్టిన వలలు అడ్డుగా ఉన్నవా అన్నది చూడాలి. చివరిది చిన్న విషయంగా తోచవచ్చును. చెత్తతో నిండిన వల మత్తడికి అడ్డుకట్టతో సమానం. గొలుసుకట్టు చెరువులలో పైచెరువు మత్తడి దూకిన కబురు కింది గ్రామానికి ఫోనులో అందేలా సిబ్బంది నంబర్లను ముందే సరిచూసుకోవాలి. ఇసుక బస్తాలు మండల కేంద్రంలో గాక కట్టల వద్దనే నిల్వ ఉండాలి. రాత్రి వర్షంలో ట్రాక్టరు కదలదు.

తరలింపు విషయంలో ఇక్కడి అవసరం కోస్తాకు భిన్నం. అక్కడ వేలాది మందిని కిలోమీటర్ల దూరం తీసుకుపోవలసి ఉంటుంది. ఇక్కడ చాలా సందర్భాలలో ఊరిలోనే ఎత్తుగా ఉన్న పాఠశాల చాలును. తరలింపు మాత్రం చీకటి పడకముందే పూర్తి కావాలి. 2020లో తీరం దాటిన వేళకు, ఇక్కడ కుండపోత మొదలైన వేళకు మధ్య దొరికిన వ్యవధి ఒక్క పగలు మాత్రమే. వాగులపై లోలెవల్ వంతెనల వద్ద రెండు వైపులా కాపలా ఉంచడం, నీట మునిగే నియంత్రికలకు విద్యుత్తు నిలిపివేయడం, కల్లాలలోని వరి కుప్పలపై పట్టాలు కప్పించడం ఆ పగటి పనులే.

పాత్రికేయ మిత్రులు గమనించదగిన అంశం ఒకటి. వాతావరణ శాఖ ఒక తేదీకి చూపే వర్షపాతం ఆనాటి ఉదయం 8.30తో ముగిసిన 24 గంటలకు చెందినది. 13వ తేదీ రాత్రి కురిసిన వాన 14వ తేదీ పట్టికలో కనిపిస్తుంది. అలాగే "బలహీనపడింది" అన్న మాట గాలికి మాత్రమే వర్తిస్తుంది. ఆ వాక్యం వెంటనే ఏ మండలాలలో ఎంత వర్షం కురియగలదో చేర్చినట్లయితే పాఠకునికి అపోహ కలగదు. అధికార ప్రకటనలు సిద్ధం చేసే వారికీ ఇది వర్తిస్తుంది.

వర్షం వెలిసిన తరువాత కూడా కట్టలపై కాపలాను కనీసం వారం రోజులు ఎత్తివేయరాదు. 2020లో బాలాపూర్ సమీపంలోని గుర్రం చెరువుకు గండి పడినది 13వ తేదీ వానకు కాదు. నాలుగు రోజుల తరువాత, 17వ తేదీ రాత్రి మళ్ళీ కురిసిన వానకు. అప్పటికే నిండి, నాని ఉన్న కట్టకు రెండో వాన తక్కువ మోతాదులోనైనా ప్రమాదమే.